నీళ్లు పోసిన చెయ్యి

మా అరుగు మీద పిల్లలు చలివేంద్రం ఆట ఆడుకుంటున్నారు. పెద్దాడు ఇత్తడి చెంబుతో నీళ్లు పోస్తుంటే చెల్లెలు దోసిలి పట్టి తాగుతోంది. దాని వెనకే పక్కింటి సాయిబుగారి మనవరాలు కూడా దోసిలి పట్టింది. మావాడు చెంబు వెనక్కి తీసుకుని, కోపమేమీ లేకుండా, బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు, "నీకు లేవు. ఆ రోజు మీవాళ్లు కొట్లు మూసేసేరు" అన్నాడు. "ఏ రోజు?" అని అడిగింది ఆ పిల్ల. వాడికి తెలియదు. గుమ్మంలో చేటతో కూర్చున్న నా వైపు చూశాడు. మొన్న ఆదివారం, పొద్దు వాలుతున్న వేళ, నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

ఆ మాట వాడికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం వాళ్ల నాన్న వాణ్ని బెల్లం బజారులో మీటింగుకి తీసుకెళ్లారు. మునిసిపాలిటీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి. పచ్చరంగు ఓట్లపెట్టె గుర్తుగా నిలబడ్డది ఊళ్లో అందరూ పెద్దిల్లు అనే ఇంటి పెద్దబ్బాయి. స్వరాజ్యం వచ్చాక ఊరికి ఇవే మొదటి ఎన్నికలు కావడంతో, పెళ్లికి వెళ్లినట్టు పిల్లలకు తల దువ్వి మరీ తీసుకెళుతున్నారు. అక్కడ ఆ అబ్బాయి చెప్పాడట, యుద్ధంలో జపానువాళ్ల బాంబులు విశాఖ మీద పడ్డ వేసవిలో దాహంతో వచ్చిన వేలమందికి తమ ఇంటి చలివేంద్రమే గొంతు తడిపింది, తురకలు మాత్రం కొట్లకు తాళాలేసుకుని లోపల కూర్చున్నారు అని. జనం చప్పట్లు కొట్టారట. మావాడు నాన్న భుజాల మీద కూర్చుని తనూ కొట్టాడట.

ఆ వేలమందిలో నేనూ ఉన్నాను. వాడూ ఉన్నాడు, నా ఒళ్లో, ఇంకా బోర్లా పడడం కూడా రాని పిల్లవాడుగా. బాంబులు పడ్డ మర్నాడు విశాఖంతా రోడ్డు మీదే ఉంది. మా బండిలో నేను, మా అత్తగారు, రెండు బిందెలు, ఒక కుంపటి, అత్తగారు ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే ఊరగాయ జాడీ. పిల్లవాణ్ని పడుకోబెట్టుకోవలసిన చోట ఆ జాడీ కూర్చుంది. రాత్రంతా ప్రయాణం చేసి ఈ అనకాపల్లి పొలిమేర చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. వాడి పెదాలు ఎండిపోయాయి, ఏడుపు కూడా మానేశాడు. ఏడుపు మానిన బిడ్డను ఒళ్లో పెట్టుకోవడమంటే ఏమిటో తల్లులకు చెప్పనక్కర్లేదు. అప్పుడు కనిపించింది తాటాకు పందిరి, తడిగుడ్డలు చుట్టిన కుండలు, వాటి ముందు జంధ్యం వేసుకున్న ఒక వంటాయన. మా అత్తగారు గొంతు పిడచగట్టుకుపోతున్నా సరే, బండి దిగకుండా ఆయన జంధ్యాన్ని ఒకసారి, కుండల్ని ఒకసారి చూసి, ఎవరి ధర్మం నాయనా అని అడిగారు. ఆయన నవ్వి, పోసేది నేనే కదమ్మా అన్నాడు. ఆవిడ దిగి తాగారు.

ఆ కుండలు, ఆ పందిరి, కుండల్లో కరిగిన బెల్లం, అన్నీ రోడ్డుకు అవతల గోనెసంచుల గుట్ట పక్కన ఎండలో నిలబడ్డ సాయిబుగారివి. బెల్లం బజారులో గోనెల కొట్టు ఆయనది. పెద్దింటివాళ్లు బాంబుల కబురు వినగానే గేటుకు తాళం వేసుకుని రావికమతం అవతల తోటలకు బళ్లు కట్టించుకుపోయారు. వంట చేసిపెట్టడానికి ఎవరూ లేక ఖాళీగా ఉన్న వాళ్ల వంటాయన్ని సాయిబుగారు కూలిచ్చి ఇక్కడ నిలబెట్టారు. నా పిల్లవాడి తల వేలాడడం చూసి మాత్రం ఆయన ఆగలేక రోడ్డు దాటి వచ్చారు. పందిరి వెనక నుంచి తన భార్యను పిలిచారు. ఆవిడ నన్ను నీడకు తీసుకెళ్లి, పానకంలో గుడ్డపీలిక ముంచి, పిల్లవాడి పెదాల మీద చుక్క చుక్కగా పిండుతూ కూర్చుంది. వాడు చప్పరించాడు. కాసేపటికి ఏడ్చాడు. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. తర్వాత మా వారికి ఇక్కడి మునిసిపల్ స్కూల్లోనే ఉద్యోగం దొరికి, సాయిబుగారి పక్క వాటాలోనే అద్దెకు దిగాం. ఇదంతా ఈ వీధిలో అందరికీ తెలుసు. తెలుసని నేను అనుకునేదాన్ని.

ఆదివారం దీపాలు పెట్టాక అత్తగారిని అడిగాను, ఆ రోజు మనకు నీళ్లు పోసింది ఎవరని. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అబద్ధం చెప్పిన రోజు అన్నం సహించదు ఆవిడకు. "వంటాయన కదే పోసేడు. నా దోసిట్లోనే పోసేడు, కళ్లారా చూసేను. వంటాయనంటే ఎవరోడు? పెద్దింటోడు" అన్నారు. అందులో ఒక్క మాటా తప్పు కాదు. మర్నాడు ఆవకాయ ముక్కలు కొట్టడానికి ప్లీడరుగారింట్లో వీధి ఆడవాళ్లందరం చేరినప్పుడు ఆ నీళ్లు సాయిబుగారివని చెప్పి చూశాను. కత్తిపీటలు ఆగలేదు. ఒకావిడకు పెద్దింటి గిన్నెలు కూడా గుర్తున్నాయట. ఇంకొకావిడ, ఆ రోజు ఊళ్లోనే లేని మనిషి, గోనెల కొట్టుకు వేసిన తాళం తన కళ్లతో చూశానంది. "కాలేజీ సదువు కదా నీది, ఎండలో పిల్లోడితో వచ్చేవు, నీకు ఏటి గుర్తుంతాదమ్మా" అని ప్లీడరుగారి అత్తగారు జాలిగా నా వీపు నిమిరింది. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నాకు ఎండ తగిలిందేమోనని.

ఆ సాయంత్రం గోడ అవతలికి వెళ్లి సాయిబుగారిని బతిమాలాను. మీటింగులో ఒక్కసారి లేచి చెప్పండి, మీ పక్కన నేను నిలబడతాను అన్నాను. బెల్లం వర్తకులు ఆయన దగ్గర గోనెలు కొనడం మానేశారప్పటికే. లోపల ఆయన భార్య బట్టలు మూట కడుతోంది. ఎన్నికలయ్యేదాకా తునిలో అల్లుడింట్లో ఉండి వస్తామంది, నా మొహం చూడకుండా.

"నీళ్లు పోసేమని మీటింగెట్టి సెప్పుకుంతామేటమ్మా" అన్నారు సాయిబుగారు. "ఆసారమున్నోలు, నన్ను సూత్తే తాగరేమోనని ఆ వంటాయన్ని పెట్టేను. నేను దూరంగా నిలబడితే తాగుతారనుకున్నాను తల్లీ. ఇంత దూరమైపోతాననుకోలేదు."

ఇంటికొచ్చి మా వారితో పోట్లాడాను. ఆయన మంచివారు, భయస్థులు. పెద్దింటి అబ్బాయి రేపు చైర్మనైతే మునిసిపల్ స్కూలు మేష్టరు పెళ్లాం మాట మేష్టరు మాటే అవుతుందని, పిల్లల్ని తలుచుకోమని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నారు. పిల్లల్ని తలుచుకునే కదా నాకు నిద్ర పట్టనిది. రేపటి సంగతి మనమే తేల్చుకోవడానికి ఓటు అని కాలేజీలో మాకు చెప్పారు. నిన్నటి సంగతి కూడా ఓట్లకు పెడతారని ఎవరూ చెప్పలేదు. అందులో ఎక్కువమంది చేతులెత్తితే నా బిడ్డ పెదాల మీద పడ్డ చుక్కలు ఎవరివో కూడా మారిపోతాయి. ఏ దొంగా రానక్కర్లేదు, మంచివాళ్లే మార్చేస్తారు, మా అత్తగారిలాంటి వాళ్లు, ఒక్క అబద్ధమూ ఆడకుండా.

తెల్లవారేసరికి పక్క వాటాకు తాళం ఉంది. మొదటి రైలుకే వెళ్లిపోయారట. ఇప్పుడిక సాయిబులు తాళాలేసుకున్నారన్న మాట అబద్ధమని ఎవరికి చూపించను? మా అమ్మాయి ఆ తలుపు దగ్గర నిలబడి, దానితో ఆడుకునే పిల్ల ఎప్పుడొస్తుందని అడిగింది. ఎన్నికలయ్యాక అనబోయి ఆగాను. ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను. అత్తగారు వింటారని గొంతు తగ్గించలేదు. ఆ రోజు కథంతా చెప్పాను, బండి, జాడీ, వంటాయన, రోడ్డుకు అవతల ఎండలో నిలబడ్డ మనిషి, గుడ్డపీలిక, అన్నీ. పెద్దాడు తన పెదాలు తడుముకున్నాడు. మరి మీటింగులో అందరూ వేరేగా చెప్పారేం అన్నాడు.

"ఇంకా చెప్తారు. బళ్లో చెప్తారు, బజారులో చెప్తారు, నాయనమ్మ కూడా చెప్తుంది. వాళ్లతో పోట్లాడకండి, కాని ఇవాళ నేను చెప్పింది మరిచిపోకండి" అన్నాను. "కొన్నేళ్లు గడిచాక నేను కూడా వాళ్లలాగే చెప్పవచ్చు. అప్పుడు నన్ను కూడా నమ్మకండి."