ఎడమ వైపు కొంచెం వదులుగా

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగు పుట్టి. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆడిట్ చూస్తాను. ఓచరు లేనిదే ఎవరి మాటా నమ్మకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. ఇంట్లో కూడా నాది అదే వరస అని మా ఆయన సుధాకర్ దెప్పుతుంటారు. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మది రాజమండ్రి. రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఎడమ వైపు గడ్డ ఉన్నట్టు ఆమెకు చాలా ముందే తెలుసు. డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గు. మాకు చెబితే కంగారు పడతామని బెంగ. అందుకని ఎవరికీ చెప్పలేదు. జాకెట్లు కుట్టే అతనికి మాత్రం ప్రతిసారీ ఎడమ వైపు కొంచెం వదులుగా పెట్టమని చెప్పేది. మేము ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరితిత్తులకు పాకింది.

అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే ఆ జాకెట్లు చూశాను. ఒక్కొక్కటీ ఎడమ పక్క అంతకంతకూ వదులు. దర్జీని అడిగితే, అమ్మగారే అలా చెప్పేవారండీ అన్నాడు. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. సుధాకర్‌తో కూడా. దాచుకోవాలని ఆవిడ అంత తాపత్రయపడిన సంగతిని పోయాక బయటపెట్టడం ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. మేముండేది మధురానగర్‌లో. ఒక పెళ్ళికని ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కుని, జాకెట్టు గుడ్డ అమీర్‌పేటలో యాదగిరికి ఇచ్చాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఒక పాత కాంప్లెక్సులో మొదటి అంతస్తులో అతని దుకాణం. ఒంటి మీద కొలతలు తీసుకోవడం అతనికి అలవాటు లేదు. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే దాన్ని పరిచి, చూసి కత్తిరిస్తాడు. నాది ఎప్పటి నుంచో ఒకటే ఆది.

కొత్త జాకెట్టు తెచ్చుకుని ఇంట్లో వేసుకుని చూశాను. కుడి వైపు అతికినట్టు ఉంది. ఎడమ వైపు మాత్రం రొమ్ము దగ్గర, చంక కింద వదులు. మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా యాదగిరి దగ్గరికి వెళ్ళాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఏంటి యాదగిరీ, ఇదేం కుట్టు? ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా."

అతను మిషన్ ఆపకుండానే అన్నాడు. "మీ అమ్మనే వచ్చి చెప్పింది గద మేడం, ఎడమ దిక్కు జర వదులు వెట్టమని."

మా అమ్మ పోయి ఏళ్ళయిందని చెప్పాను. అప్పుడు మిషన్ ఆపాడు.

"మరి గామె ఎవరు మేడం?"

ఆ ప్రశ్న అతను నన్ను అడిగాడు. జరిగిందంతా తిరిగి నేనే వరుసగా ప్రశ్నలు వేసి అతని దగ్గర రాబట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక పెద్దావిడ వచ్చిందట. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, బల్ల మీద ఉన్న ఆకుపచ్చ గుడ్డ చూపించి, అది మా అమ్మాయిదే అందట. ముక్కుకు రెండు వైపులా పుడకలున్నాయట. "మాట మీ లెక్కనే మేడం, ఆంధ్ర మాట," అన్నాడు.

ఫోన్లో అమ్మ ఫోటో తీసి చూపించాను. నా దగ్గరున్నవన్నీ ఆవిడ వైద్యంలో ఉన్నప్పటివే. స్కానింగు కోసం అప్పట్లో తీయించిన రెండు ముక్కుపుడకలూ మళ్ళీ పెట్టుకోనేలేదు. యాదగిరి చాలాసేపు చూశాడు. "మొఖం నేను మంచిగ చూడలే మేడం, కటింగ్ మీద ఉన్న. గీమెకైతే ముక్కుపుడకలు లేవు గద," అన్నాడు. నేను ఫోన్ సంచిలో పెట్టేసుకుని, జాకెట్టు సరిచేయించకుండానే ఇంటికి తెచ్చుకున్నాను.

ఆడిట్ బుద్ధి ఎక్కడికి పోతుంది? అన్నీ వెతికాను. ఆ వారం అతని దగ్గర ఇంకో ఆకుపచ్చ జాకెట్టు లేదు. పొరపాటున నేను దాచుకున్న అమ్మ జాకెట్టే ఆదిగా ఇచ్చానేమోనని దాన్ని వెనక్కి తెచ్చుకుని టేపు పెట్టి కొలిచాను. అది నాదే, రెండు వైపులా సమానమే. కాంప్లెక్సు మెట్ల దగ్గర కెమెరా ఉంది కానీ, అప్పటికే పాత రికార్డింగులు చెరిగిపోయాయన్నారు. సుధాకర్‌కు అంతా చెబితే, వేరే ఎవరి తల్లో వచ్చి, గుడ్డ విషయంలో పొరపాటు పడి ఉంటుందన్నారు. నాకూ అదే సబబనిపించింది. అయితే అమ్మ జాకెట్ల సంగతి ఆయనకు అప్పటికీ చెప్పలేదు.

ఎడమ వైపు కొంచెం వదులుగా. ఆ మాట బుర్రలోంచి పోలేదు. అద్దం ముందు నిలబడి తడిమి చూసుకున్నాను, ఏమీ తగల్లేదు. అయినా పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్ష ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని డాక్టరమ్మ అడిగితే, మా అమ్మకు ఉండేదండీ అన్నాను. అది అబద్ధం కాదు. ఆవిడ చేత్తో చూసినప్పుడు కూడా ఏమీ తెలియలేదు. మామోగ్రామ్‌లో కనబడింది. ఎడమ వైపు, ఛాతీ కండరానికి దగ్గరగా, బాగా లోతులో. లోతులో ఉంది కాబట్టి తగల్లేదు గానీ చిన్నదేమీ కాదు.

సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అందులోనూ హార్మోను మాత్రలకు లొంగని, తొందరగా పాకే రకం. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే మాట వేరేగా ఉండేదని డాక్టరమ్మ చెప్పారు. ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు చచ్చేంత భయం వేసింది. అమ్మ ఆఖరి రోజులు కళ్ళారా చూసినదాన్ని.

వైద్యం గురించి ఆవిడ ఓపిగ్గా చెప్పారు. జబ్బు పేరు ఒకటే అయినా ఒక్కొక్కరి గడ్డ తీరు ఒక్కోలా ఉంటుంది. అందుకే నా గడ్డ ముక్కనే రకరకాల పరీక్షలకు పంపి, ఆ ఫలితాలను బట్టి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ మందు ఇస్తామన్నారు. మన ఒంట్లో కాపలా కాసే కణాలకు కనబడకుండా గడ్డ దాక్కుంటుందట. ఈ మందు దాని ముసుగు తీసేస్తుందట, ఇక ఆ కణాలే దాని పని పడతాయట. "మీకోసం కుట్టించినట్టే అనుకోండి," అన్నారు నవ్వుతూ. ఆవిడకు ఏమీ తెలియదు. నాకు మాత్రం ఇంట్లో ఉన్న ఆకుపచ్చ జాకెట్టు గుర్తొచ్చింది.

మందు తేలికేమీ కాదు. జుట్టు ఊడింది, దద్దుర్లు వచ్చాయి, థైరాయిడ్ దెబ్బతింది, దానికి ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాను. ఆ తర్వాత ఆపరేషన్ చేసి, గడ్డ ఉన్న చోటు వరకు తీసేశారు. తీసిన భాగంలో వెతికితే ఒక్క క్యాన్సర్ కణమూ కనబడలేదన్నారు. సుధాకర్ ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఏడ్చారు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

కట్టుతో ఇంటికి వచ్చాక ఏ జాకెట్టూ పట్టలేదు. ఎడమ పక్కంతా వాపు, చంక కింద నీరు పోవడానికి పెట్టిన గొట్టం. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో నేను నొప్పి లేకుండా వేసుకోగలిగింది ఆ ఆకుపచ్చ జాకెట్టు ఒక్కటే. ఎక్కడ ఎంత వదులు కావాలో అక్కడ అంతే ఉంది. పట్టు జాకెట్టు మీద నూలు చీర కట్టుకుని ఇంట్లో తిరుగుతుంటే సుధాకర్ నవ్వలేదు. అప్పుడు చెప్పాను ఆయనకు అమ్మ జాకెట్ల సంగతి. ఎవరో తల్లి పొరపాటు పడిందన్న మాట ఆయన ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

వైద్యం పూర్తయింది. ఇప్పుడు కొన్ని నెలలకొకసారి పంజాగుట్ట వెళ్ళి పరీక్షలు చేయించుకుంటున్నాను. వచ్చేటప్పుడు అమీర్‌పేటలో దిగి, కుట్టించేది ఏమీ లేకపోయినా యాదగిరి దుకాణం మెట్లెక్కుతాను. ఎందుకొచ్చానో అతనికి తెలుసు. నేను అడగకముందే చెబుతాడు.

"రాలే మేడం. ఎవ్వరు రాలే. ఫికర్ జెయ్యకుండ్రి."

రిపోర్టు కంటే ఆ మాటతోనే నాకు ఎక్కువ ధైర్యం వస్తుంది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గుమ్మంలోకి వచ్చిన ఆవిడ ఎవరో నేను ఎటూ తేల్చుకోలేకపోయాను, ఇక తేలుతుందన్న ఆశా లేదు. ఆవిడ మళ్ళీ రాకూడదనే కోరుకుంటాను. వస్తే దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. అయినా మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ ఏడుపొస్తుంది. ఒకసారి వెనక్కి తిరిగి ఆ గుమ్మం వైపు చూసుకుని ఇంటికి వెళ్తాను.