గూళూరు డైరీలో ఆగిన ప్రింటర్

నమ్మకపోతే మానండి, కానీ నవ్వకండి... నా కళ్లముందు జరిగింది. గూళూరు పాల డైరీలో, ఆ పాత ప్రింటర్ పక్కన కూర్చున్నది నేనే.

రెండు వేల ఐదో, ఆరో. బాగేపల్లిలో మాకు చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. నేనూ మా ఆయనా పాల డైరీలకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఎవరు ఎన్ని పాలు పోశారో దాచే టేబుళ్లు నావి. వాటిలోంచి వివరాలు తీసుకుని కాగితం మీద పొందికగా అమర్చే రిపోర్టులు ఆయనవి. నా టేబుల్లో ఒక్క పేరు మార్చినా ఆయన రిపోర్టు మొరాయించేది. ఇక చూడండి మా పోట్లాట... ఆఖరికి ఆయనే దిగొచ్చేవారు. "నీ టేబుళ్లు లేకుంటే నా రిపోర్టు ఉత్త తెల్లకాగితమే కదమ్మీ" అనేవారు.

జ్వరమొచ్చి ఆయన పోయారు. మరుసటేడు డైరీలో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ మార్చారు. అందులో ఆయన ఫైలు తెరుచుకోదు. ఒక సాయంత్రం నేనే వెళ్లి కొత్త రిపోర్టు తయారుచేశాను, నా టేబుళ్లకు కలిపాను. ఇక ఆయన ఫైలు తీసేయాలి... చెయ్యి రాలేదు. ఆ రిపోర్టు అడుగున 'తయారు చేసినవారు' అని ఆయన పేరుండేది. రోజూ రెండు పూటలా అచ్చయ్యే పేరు. అది కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

"ఏమ్మా, ఇంకా కాలేదా? చీకటి పడతాండాది" అన్నాడు డైరీ సెక్రటరీ నారాయణప్ప.

తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. లేకపోతే మళ్లీ తెచ్చుకుంటానని నాకు తెలుసు.

ఆ తర్వాత వచ్చింది అక్కులమ్మవ్వ, పాల చెంబు పట్టుకుని. "ఆవు పాలు చేపలేదప్పా, అందుకే పొద్దుపోయింది" అంది. నారాయణప్ప ఆమె పాలు కొలిచి, కంప్యూటర్లో ఎక్కించి, క్యాన్లు కడగడానికి బయటికి పోయాడు.

కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్... కుయ్... అంటోంది. గదిలో స్క్రీన్ వెలుతురు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు... ప్రింటర్ మొదలైంది.

కర్ర్... కర్ర్... నేను ఏమీ నొక్కలేదు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ప్రింటు ఇచ్చినావామ్మా?" బయటినుంచి నారాయణప్ప.

"లేదప్పా..."

కాగితం ఒక్కో వరుసా పైకొస్తోంది. నేను చేసిన రిపోర్టు కాదు. ఊరి పేరు నడిమధ్యలో, కింద చుక్కల గీత... ఆయన పద్ధతి. ఆఖరి వరుసలో అక్కులమ్మ పేరు. ఫైలు తీసేశాక కదా ఆమె వచ్చింది! అడుగున... ఆయన పేరు. దాని కింద ఇంత ఖాళీ. చింపేటప్పుడు పేరు తెగకూడదని ఆయన ఎప్పుడూ వదిలే ఖాళీ అది. ప్రింటర్ ఆగింది.

భయమేసింది. కానీ లేచి పోబుద్ధి కాలేదు. ఆయన ఇంకొంచెంసేపు ఉంటే బాగుండనిపించింది.

మాలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆ పేరు ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు, నోటితో మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ చీకట్లో... అన్నాను. మెల్లగా, ఆయనకు మాత్రమే వినపడేలా.

టక్.

కాగితం ఒక్క వరుస జరిగింది. అంతే.

పాత రిపోర్టు మెమరీలో ఎక్కడో మిగిలుంటుందని తర్వాత ఒక ఇంజనీరు అన్నాడు. ఉండొచ్చు. మరి ఆ టక్?

ఆ తర్వాత పని లేకపోయినా గూళూరు పోయేదాన్ని. నారాయణప్ప నాకు స్టూలు జరిపి, క్యాన్లు కడగడానికి బయటికి పోయేవాడు. నేను పేరు పెట్టి పిలిచేదాన్ని. కాగితం కదిలేది కాదు. అయినా ఇంకోసారి పిలిచి... చివరి బస్సు హారన్ కొట్టేదాకా కూర్చునేదాన్ని.