సాంబ్రాణి మినహా పొగలేని టూరు

కరోనా భయం తగ్గి జనం మళ్లీ ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన ఏడాది, ఫిబ్రవరిలో, రెండో శనివారం ఆదివారం కలిపి వేసిన అరకు టూరుకు నన్ను టూర్ మేనేజరుగా పంపారు. అప్పటికి నేను విశాఖపట్నంలోని ఒక ట్రావెల్స్ కంపెనీకి చోడవరం బ్రాంచి ఇన్‌చార్జిని. రిటైర్మెంటు దగ్గర పడింది. బ్రాంచి ఇన్‌చార్జి టూర్ల మీద వెళ్లనక్కర్లేదు, కింద మనుషుల్ని పంపితే చాలు. ఈ టూరుకు నేనే వెళ్తానని అడిగి మరీ వేయించుకున్నాను.

టూర్ మేనేజరంటే మైకు పట్టుకుని ఎడమవైపు చూడండి, కుడివైపు చూడండి అనేవాడని చాలామంది అనుకుంటారు. వాడు గైడు. మేనేజరు పనిలో ముప్పాతిక బస్సు కదలకముందే అయిపోవాలి. ముందుగా ఆ దారిన ఒకసారి వెళ్లి, ఆగే చోట్లు, తినే చోట్లు, పడుకునే గదులు కళ్లారా చూసి రావాలి. దీన్ని మేము రెక్కీ అంటాం. బస్సు కదిలాక మిగిలేదల్లా జనాన్ని భరించడమే. ఆ పని ఏ ట్రైనింగులోనూ నేర్పరు.

టూరు రావికమతం వైపు స్కూళ్ల టీచర్లది, కుటుంబాలతో సహా. పోగుచేసింది ఒక హెడ్మాస్టరు గారు. ఇలా జనాన్ని కూడగట్టినవాణ్ణి గ్రూప్ లీడర్ అంటాం. ఆయనకు సీటు ఉచితం, అధికారం అంతకన్నా ఉచితం. ఆ గ్రూపులోనే సత్యవతి టీచరు గారు ఉన్నారు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. ఆవిడ భర్తకు వడ్డాదిలో ఎరువుల కొట్టు. ఆవిడకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం.

బుకింగుకు ఆవిడ ఒక్కరే వచ్చారు. చీటీ రాయించుకునే ముందు తన సంగతి చెప్పారు. సింహాచలం వెళ్తే సగంలో తిరిగొచ్చారు. అన్నవరం వెళ్తే సత్రంలోనే ఆయాసం ఎత్తుకుంది, భర్త కొట్టు కట్టేసి వెళ్లి తీసుకొచ్చాడు. అప్పటినుంచి ఆవిడ ప్రయాణమంటే ఇంట్లో అదొక వేళాకోళం. ‘‘ఈపాలి కూడా మద్దిలో తిరిగొస్తే మా ఆయన ఇంక నన్ను గుమ్మం దాటనివ్వడండీ. పొగ లేకండా తీసుకెళ్లగలిగితే సీటు రాయండి, లేపోతే ఇప్పుడే సెప్పేయండి’’ అన్నారు. బతిమాలలేదు. నాకది నచ్చింది. రాశాను.

చెరకు సీజనులో మా వైపు పొగ లేకుండా ప్రయాణమంటే నవ్వులాట కాదు. నరికిన తోటల్లో ఆకు తగలబెడతారు. బెల్లం పెనాల కింద చెరకు పిప్పి మండుతూనే ఉంటుంది. సాయంత్రం పెట్టిన మంటల పొగ తెల్లారేదాకా మంచులో కలిసి నేలబారున పడి ఉంటుంది. ఆవిడకు వైద్యం చేసే డాక్టరు గారిని కలిశాను. పొగ, చలిగాలి, దుమ్ము, ఈ మూడూ ఆవిడకు పడవని, ఆయాసం వస్తే ఏ మందు ఎలా ఇవ్వాలో చెప్పారు. దాన్నిబట్టి రెక్కీ చేశాను. తెల్లవారుజామున బయలుదేరే అలవాటు మానిపించి, ఎండ ఎక్కి పొగ లేచిపోయాకే బస్సు తీయాలన్నాను. బెల్లం పెనాలున్న దారి వదిలేసి, అరకు ఘాట్ కింద ఉన్న ఎస్.కోటకు వెళ్లే వేరే దారి ఎంచాను. కట్టెల పొయ్యి లేని హోటలు వెతికి భోజనం అక్కడ పెట్టాను. అరకులో రిసార్టువాళ్లు సాయంత్రమైతే చాలు చలి కాచుకునే నెగడు వేస్తారు, అది లేకపోతే అరకు వచ్చినట్టే కాదని మన జనం నమ్మకం. ఆ నెగడు ఆపించి, ఆవిడకు రోడ్డుకూ వంటశాలకూ దూరంగా, గాలి వచ్చే వైపు గది తీసుకున్నాను.

ఇదంతా హెడ్మాస్టరు గారికి చెప్తే ఆయన ఉప్పొంగిపోయారు. టూరుకు ముందు మీటింగు పెట్టి ఉపన్యాసం దంచారు. సత్యవతి గారు మనింటి ఆడపడుచన్నారు. బస్సులోగానీ రిసార్టులోగానీ బీడీ, సిగరెట్టు ముట్టించినవాడు తనకు శత్రువన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. పొగంటే సిగరెట్టే అనుకునే మనిషితో మాట్లాడుతున్నానని నాకింకా తెలియలేదు.

బయలుదేరే రోజు ఉదయం బస్సు దగ్గరకు వెళ్లేసరికి ఆ శత్రుసంహారకుడే డ్రైవరు సీటు ముందు గుప్పెడు అగరొత్తులు గుచ్చి, పళ్లెంలో కర్పూరం ముద్ద వెలిగించి బస్సంతా తిప్పుతున్నారు. కంచే చేను మేసిందంటే ఇదే. మా డ్రైవరుకు నేను ముందే చెప్పాను, అతను పూలదండ వేసి ఊరుకున్నాడు. సత్యవతి గారు రోడ్డుకవతల, గాలి ఎదురుగా వచ్చే చోట నిలబడి చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వెళ్లి ఆర్పమన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. ‘‘ఏటండీ మీరు మరీను, దేవుడి ధూపం కూడా పొగేనా?’’ అన్నారు. ఊపిరితిత్తులకు దేవుడి పొగ, దెయ్యం పొగ తెలియవండీ అన్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో వెనకనుంచి గొణిగారు. బస్సు తలుపులన్నీ తీయించి, వాసన పోయేదాకా కదలనివ్వలేదు. దాంతో ఆలస్యానికి నేనే కారణమని అందరికీ తెలిసిపోయింది.

ఘాట్ రోడ్డెక్కాక వెనక సీటునుంచి పొగాకు కంపు కొట్టింది. వెళ్లి చూస్తే హెడ్మాస్టరు గారి తల్లి సూరమ్మ గారు నోరు మూసుకుని కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చున్నారు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. తెలియనివాళ్లు చూస్తే నోట్లో ఉత్త పుల్ల పెట్టుకున్నారనుకుంటారు. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. ‘‘నిప్పు లోనుంది బాబూ, పొగా లోనే ఉంటాది. మీ మగోళ్ల సిగరెట్టునాగ ఊరి మీద ఒదిలేది కాదు’’ అన్నారు. ఈ లెక్కన ఆవిడ బస్సులో అందరికన్నా పద్ధతైన మనిషి. చుట్ట తీసి ఆర్పించాను. ఆవిడ వెంటనే ఆర్పేశారు కూడా, కొడుక్కి ఉన్న మొండితనం ఆవిడకు లేదు.

అరకు చేరేదాకా సత్యవతి గారికి ఇబ్బంది రాలేదు. ముక్కుకు మఫ్లరు చుట్టుకుని కాఫీ తోటలు తిరిగారు. లోయ అంచుదాకా వెళ్లి నిలబడ్డారు. ఇంటికి ఫోను చేసి భర్తకు బాగున్నానని మాత్రం చెప్పారు. రేపు బొర్రా గుహలు చూస్తే ఇక తన టూరు పూర్తయినట్టేనని నాతో అన్నారు. నెగడు లేదని తెలిసి మగవాళ్లు మొహాలు మాడ్చుకున్నారు. ఒక మనిషి ఆయాసం కోసం ఇందరి సరదా చెడాలా అని ఒకాయన నాకు వినబడేలాగే అడిగాడు.

దీపాలు పెట్టే వేళకు ఆవిడ గదిలోంచి కేకలు. పరుగెత్తాను. తలుపు తీస్తే తెల్లటి పొగ మొహాన కొట్టింది. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు హెడ్మాస్టరు గారు రిసార్టు వంటశాలనుంచి నిప్పులు తెప్పించి, మట్టి మూకుడులో సాంబ్రాణి వేసి, మంచం కింద పెట్టించి, కిటికీలు మూయించారు. పసిపిల్లలకు పడిశం పట్టినా బాలింతకు తలంటినా సాంబ్రాణి పొగ వేయడం మనకు అలవాటే. ఆ లెక్కనే ఆయాసానికి అది మందని ఆయన సిద్ధాంతం. నేను దారి పొడుగునా కాపలా కాసిన పొగ, ఆవిడ మేలు కోరి ఆవిడ మంచం కిందకే వచ్చింది.

ఆ గదిలో ఆవిడొక్కరే ఉంటే ఇంకా నయం. టూరంతా అక్కడే ఉంది. ఒకావిడ వీపు రాస్తోంది, ఒకావిడ ఛాతీకి ఘాటు బామ్ పూస్తోంది, ఒకాయన పడుకోబెట్టండి అంటున్నాడు. సత్యవతి గారు చేత్తో తన సంచీ చూపిస్తున్నారు. అందులో ఇన్‌హేలరుందని అందరికీ తెలుసు. ‘‘అది వొద్దు, ఆ పంపు అలవాటైపోతే మరి మానలేరు’’ అని హెడ్మాస్టరు గారు సంచీ పక్కకు జరిపారు. నా సర్వీసులో ఒక ప్రయాణికుణ్ణి భుజం పట్టి గెంటింది అదొక్కసారే. ఆయన్ని గెంటి, మిగతావాళ్లను కేకలేసి వెళ్లగొట్టి, ఆవిడను ఆరుబయట గాలిలోకి నడిపించి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాను. ఇన్‌హేలరుకు స్పేసరు తగిలించి ఇచ్చాను. మందు గొంతులో పడిపోకుండా నేరుగా ఛాతీలోకి చేరడానికి వాడే ప్లాస్టిక్ గొట్టం అది. డాక్టరు గారు చెప్పినట్టే ఆగి ఆగి ఇస్తూ, ఆసుపత్రికి కారు కూడా రెడీగా పెట్టించాను. కాసేపటికి ఆవిడ ఛాతీలో ఈల చప్పుడు తగ్గింది. ఆవిడ పూర్తి వాక్యం మాట్లాడగలిగారు. ఆ మొదటి వాక్యం ‘‘ఆ మూకుడు బయట పారేయండి’’ అని.

ఇంతలో గ్రూప్ లీడరు తన అధికారం వాడారు. ఆవిణ్ణి అడగకుండానే భర్తకు ఫోను చేసి, మీ ఆవిడకు ఆయాసం ఎత్తుకుంది, పొద్దున్నే కారులో పంపించేస్తున్నాం అని చెప్పేశారు. సాంబ్రాణి మాట చెప్పలేదు. అవతల భర్త ఏమన్నాడో నాకు తెలియదు. ఫోను పెట్టేసి ఈయన నాతో, ‘‘పాపం ఆయనకీ విసుగొచ్చీసిందండీ, ఇంక ఎక్కడికీ పంపనన్నాడు’’ అన్నారు. ఆ మాట సత్యవతి గారు కూడా విన్నారు. ఏడవలేదు. మూకుడు పెట్టినవాడి మొహంలోకి అలాగే చూశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది.

మా కంపెనీ రూలు ఇది: టూరులో ఎవరికైనా జబ్బు చేస్తే కంపెనీ డ్రాప్ కారు పెట్టాలి, తోడు మనిషిని ఇచ్చి ఇంటికి చేర్చాలి. బస్సు సీనియర్ డ్రైవరుకు అప్పగించవచ్చు. మర్నాడు ఉదయం కారు వచ్చింది. ఆడవాళ్లంతా ఆవిణ్ణి కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నారు. తోడు ఎవరొస్తారంటే ఒక్కరూ కదల్లేదు, వాళ్లకు చాపరాయి జలపాతం, ఆ తర్వాత బొర్రా చూడాలి. ఇంటి ఆడపడుచుకు తోడుగా ఆఖరికి నేను ఎక్కాను.

ఎక్కగానే డాక్టరు గారికి ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చాను. రాత్రి మళ్లీ మందు అవసరం పడలేదని, నిద్ర పట్టిందని, నడిస్తే ఆయాసం లేదని ఆవిడ చెప్పారు. మెట్లెక్కే ముందు మందు తీసుకుని, నెమ్మదిగా, పొగ లేనిచోట తిరగవచ్చని ఆయనన్నారు. ఫోను పెట్టేసి ఆవిడ నన్ను అడిగారు: ‘‘నన్ను ఇంటికి సేర్చాలనే కదండీ మీ రూలు. ఏ దారినని ఉందా?’’ లేదన్నాను. ‘‘అయితే బొర్రా మీంచి పోనివ్వండి.’’

బొర్రా దగ్గర వెదురుబొంగుల్లో కోడి కాల్చే కొట్లుంటాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఆ బొగ్గుల పొగలో గుహ ద్వారమే కనబడదు. గేటు తీసే వేళకు చేరాం, కొట్లవాళ్లు ఇంకా బొగ్గుల బస్తాలు విప్పుతున్నారు. డ్రైవరుకు అగరొత్తి లేదు, నాకు బీడీ లేదు, మేలు కోరేవాళ్లెవరూ లేరు. ఆవిడ మెట్టు మెట్టుకూ ఆగుతూ గుహలోకి దిగారు. చివరిదాకా వెళ్లారు. పైనుంచి వెలుగు పడేచోట నిలబడి ఒక చిన్నపిల్లలాగా గట్టిగా అరిచి, ఆ అరుపు తిరిగొస్తే నవ్వారు. అలా అరవడానికి ఎంత ఊపిరి కావాలో నాకు ముందురోజు సాయంత్రమే తెలిసింది.

పైకి వచ్చాక ఫోను మోగింది. భర్త. ఎక్కడున్నావు, ఇంకా రాలేదేమని అడుగుతున్నాడు. అవతలి గొంతు నాదాకా వినిపించింది: ‘‘మద్దిలోనే తిరిగొచ్చీస్తన్నావంట గదే?’’

‘‘మద్దిలోనుంచి కాదు. అంతా సూసీసి వస్తన్నాను. మీ హెడ్మాస్టారే ఇంకా సూడలేదు’’ అని ఆవిడ ఫోను పెట్టేశారు.

ఆ టూరు తర్వాత ఉద్యోగంలో ఉన్న కొద్దికాలమూ ఆయాసమున్నవాళ్లు ఎవరొచ్చినా దారి గురించి నేను పెద్దగా బెంగపడలేదు. గాలి ఎటు, వేళ ఏది, పొయ్యి ఎక్కడ అన్నవి ఒక పూట రెక్కీలో తేలిపోతాయి. ముందుగా అడిగేది మాత్రం, వెంట ఎవరెవరు వస్తున్నారని. గ్రూపు పెద్దదైతే బస్సు వద్దని, విడిగా కారు చూపించేవాణ్ణి.