ఊపిరి తీయనివ్వని నర్సమ్మ

నర్సమ్మ పోయిందన్న సంగతి నాకు ఒక పోస్టర్ చెప్పింది. పొద్దున కాలేజీకి తయారవుతుంటే, హుజూరాబాద్‌లోని మా పాటల సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చి పడింది. పైన సంఘం పేరు. దాని కింద చేతులు జోడించిన అధ్యక్షుడి పెద్ద ఫొటో. ఓ మూలన గుండ్రటి చట్రంలో నర్సమ్మ. ఏదో గుంపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, ఆమె పక్కన ఎవరిదో సగం భుజం మిగిలిపోయింది. 'గానకోకిల ఇక లేరు' అని రాశారు. ఆ కింద వరుసగా దండాలు, ఏడుపు బొమ్మలు. అవి పెట్టినవాళ్లలో సగం మంది ఆమె పాట సరిగ్గా విన్నవాళ్లు కారు. మిగిలిన సగం ఆమె మాట విని నవ్వినవాళ్లు.

ఆమె బిడ్డ నిర్మల్‌లో టీచర్. ఒంట్లో బాగుండడం లేదని తల్లిని తన దగ్గరికి తీసుకుపోయింది. ఆమెకు ఫోన్ చేశాను.

"అవును సార్. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగింది. మల్ల లేవలే" అన్నది. "నేనింక చుట్టాలకే అందరికి చెప్పలే. వీళ్లు పోస్టర్ ఎప్పుడు చేసిండ్రు సార్?" అని అడిగింది.

నర్సమ్మ ఉద్యోగమంతా ఆదిలాబాద్ వైపు ఊళ్లలో, ఎక్కువగా ఇచ్చోడ చుట్టుపక్కల గడిచింది. కాన్పులు చేసే నర్సు. రిటైరయ్యాక సొంతూరు హుజూరాబాద్ వచ్చి మా పక్కింట్లో ఒక్కతే ఉండేది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను, తీరిక దొరికితే పాడతాను. మా ఇళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీద మోచేతులు ఆనించి ఆమె లోకాన్ని తిట్టేది. కరెంటు వాళ్లను, టీవీలో వంట చేసేవాళ్లను, తన మోకాళ్లకు మందు రాసిచ్చిన డాక్టరును, ఎవరినీ వదిలేది కాదు. పాడేవాళ్లయితే మరీ. బాగా పాడేవాళ్లను కూడా "గొంతున్నది, మనిషి లేడు" అని ఒక్క మాటతో కొట్టిపారేసేది. చాలాసార్లు ఆమె అనేది అన్యాయం. చెప్పినా ఒప్పుకునేది కాదు.

ఆ రోజుల్లో నేను ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. చవకది, నాలాంటి ఔత్సాహికుల కోసం చేసింది. 'ఇక మీ ఇల్లే స్టూడియో' అని దాని ప్రకటన. లాప్‌టాప్‌కు ఒక మైకు తగిలిస్తే సరిపోతుంది. రికార్డు చేసేంతవరకు అది బుద్ధిగానే ఉంటుంది, ఏం పాడితే అది పట్టుకుంటుంది. తర్వాతే దాని అసలు గుణం బయటపడుతుంది. తెర పక్కన వరుసగా మీటలు. పెద్ద హాలు, గుహ, స్నానాల గది, ఇలా ఎక్కడ పాడినట్టు కావాలంటే అక్కడ పాడినట్టు చేస్తుంది. శ్రుతి తప్పితే సరిచేసే మీట ఒకటి. చప్పుళ్లు తుడిచేసే మీట ఒకటి.

ఒక ఆదివారం పెద్ద హాలు మీట నొక్కి, నేను పాడింది నేనే వింటూ మురిసిపోతుంటే గోడవతల నుంచి ఆమె పిలిచింది.

"సారూ, పాడేది నువ్వేనా? ఎవలన్న బాయిలవడ్డరేమో అనుకున్న."

"పెద్ద హాల్ల పాడినట్టు పెట్టిన నర్సమ్మా."

"నువ్వు పాడింది అర్రలనే గద. గా హాలు ఎవలది?"

అని ఊరుకోక, మోకాళ్లు పట్టుకుంటూ మా ఇంటికే వచ్చింది. మీటలన్నీ ఒక్కొక్కటే చదివించుకున్నది. "స్నానాల గదిల పాడినట్టు కావాల్నంటే స్నానాల గదిలనే పాడొచ్చు గద, గింత సామానెందుకు?" అన్నది. శ్రుతి సరిచేసే మీట చూపించాను. ముందు నేను పాడినట్టు, తర్వాత సరిచేసినట్టు, రెండూ వినిపించాను. రెండూ ఇంకోసారి పెట్టించుకుని విన్నది.

"మొదటిది నువ్వు" అన్నది చివరికి. "రెండోది ఎవడో నీ అంగి తొడుక్కున్నోడు."

మా సంఘంలో ఇలా ఎవరి అంగీలోనో దూరినవాళ్లే అందరూ. ఈ సాఫ్ట్‌వేర్ చవకయ్యాక సాధన చేయడం మానేశారు. రాగం ఎటు పోయినా ఫికరు లేదు, ఇస్త్రీ పెట్టె ఉంది కదా. ప్రతి ఆదివారం గ్రూపులో పాటలు వచ్చి పడతాయి. బట్టల దుకాణం యజమాని పాడినా, రిటైరైన తహసీల్దారు పాడినా గొంతు ఒక్కటే, నున్నగా, జిగటగా, లేత ప్లాస్టిక్ వాసన వేస్తూ. కింద 'అద్భుతం సార్', 'అద్భుతం అన్నా' అని ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. మా అధ్యక్షుడు అందరికంటే ముందు. ఆయన గొంతు అసలెట్లా ఉంటుందో ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

కొన్నాళ్లకు నర్సమ్మే వచ్చి అడిగింది. "గా పెట్టెల నా పాట పడ్తదా?"

ఆమె పాడుతుందని నాకప్పటిదాకా తెలియదు. విషయమేమిటంటే, ఇచ్చోడ అవతల ఒక ఊరి ఆసుపత్రిలో ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సు ఒకామె ఉంది. కాన్పుకు వచ్చే ఆడవాళ్ల తల్లులూ అత్తలూ, "పాడే నర్సమ్మ ఏది?" అని అడుగుతున్నారట. నొప్పులు పడేవాళ్ల చేయి పట్టుకుని నర్సమ్మ పాడేదట. పాటలు ఎవరూ నేర్పినవి కావు, పక్కన కూర్చుని కట్టుకున్నవి. ఆ నర్సు తనకు పాడడం రాదని, ఫోన్‌లో పాడి పంపమని అడిగింది. ఫోన్‌లో పాడితే అది సగం మాటలు మింగేసింది.

ఆమె ఇంట్లోనే రికార్డు చేశాము. గోడలకు బొంతలు వేలాడదీశాము, ఫ్యాను ఆపాము. ఇద్దరికీ చెమటలు. మైకు ముందు కూర్చుని ఆమె గొంతు సవరించుకున్నది, మొదలుపెట్టలేదు.

"చెయ్యియ్యి" అన్నది.

"ఎందుకు నర్సమ్మా?"

"చెయ్యి పట్టుకోకుంట నాకు పాట రాదు. నొప్పి ఎంతున్నదో ఎట్ల తెలుస్తది?"

కుడి చెయ్యి ఆమెకు ఇచ్చి, ఎడమ చేత్తో మీట నొక్కాను. ఆమె పాడింది.

*వాగు దాటి వస్తున్నదమ్మా...*
*వాకిట్ల నిలవడ్డదమ్మా...*
*తొందరేమున్నదే తల్లీ...*
*తొవ్వ దానికెరుకే తల్లీ...*

గొంతు బొంగురు. శ్రుతి పట్టింపు లేదు. ప్రతి వరుస చివర పాట ఆగేది. ముక్కుతో నిండుగా ఊపిరి పీల్చి, నోటితో మెల్లగా వదిలేది. అది వదిలినంతసేపూ నా చెయ్యి మీద ఆమె పట్టు సడలుతూ వచ్చేది. తర్వాత మళ్లీ వరుస. రెండో చరణానికి నాకు తెలియకుండానే నేనూ ఆమెతో పాటే ఊపిరి తీసుకుంటున్నాను. అప్పుడర్థమైంది, మాటలు కేవలం తోడుగా ఉన్నాయని, నొప్పులు పడే ఆడమనిషికి ఆమె అందించేది ఊపిరి అని.

పాట అయ్యాక తెర మీద చూపించాను. మాట ఉన్నచోట పెద్ద పెద్ద అలలు. నడుమ సన్నగా నూగులాంటి గీతలు.

"గీ చిన్నయి ఏంది?"

"అవి నీ ఊపిరి నర్సమ్మా."

కళ్లద్దాలు పైకి తోసి దగ్గరికి వంగింది. వేలు పెట్టి ఆ నూగును తాకింది. "ఊపిరి కనవడ్తదా" అన్నది. ఆమె తిట్టకుండా, వెక్కిరించకుండా ఒక మాట అనడం నేను విన్నది అప్పుడే.

అధ్యక్షుడు రంగంలోకి వచ్చింది ఆ తర్వాత. సంఘం వార్షికోత్సవానికి 'మహిళల జానపదం' ఒకటి కావలసి వచ్చింది ఆయనకు. సంగతి తెలిసి నర్సమ్మ ఇంటికి వచ్చి, కాళ్లకు దండం పెట్టి, పాట అడిగాడు. "తీస్కపో. నలుగురు ఇంటే మంచిదే" అన్నది ఆమె.

కరీంనగర్‌లో సభ. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పాట వేశారు. ముందు వేణువు వచ్చింది. తర్వాత డప్పు. తర్వాత నర్సమ్మ గొంతులాంటిది ఒకటి వచ్చింది. బొంగురు లేదు. శ్రుతి గీత గీసినట్టుంది. వరుస వెనకాల వరుస తరుముకుంటూ వచ్చింది, నడుమ వెంట్రుకంత సందు లేకుండా. జనం చప్పట్లు కొట్టారు. వీళ్లు దేనికైనా కొడతారు. అధ్యక్షుడు మైకు తీసుకుని, "మట్టిలో ఉన్న మాణిక్యానికి మేం సాన పట్టినం" అన్నాడు.

నర్సమ్మ కూర్చున్న చోటి నుంచే అడిగింది. "ఊపిరి ఏది బాబూ?"

"ఏందమ్మా?"

"నడుమ నడుమ ఊపిరి ఉండె గద. ఏం చేసినవ్?"

"అది నాయిసమ్మా. మీట నొక్కి అంతా తీసేసిన. ఇప్పుడు క్లీనుగ ఉన్నది."

"ఊపిరి తీసేసినంక పాట ఎవలకు? పీనుగలకా?"

హాలంతా నవ్వింది. పెద్దావిడ హాస్యమాడింది అనుకున్నారు. అధ్యక్షుడు కూడా నవ్వి, తర్వాతి కార్యక్రమం ప్రకటించాడు. ఆమె శాలువా మడిచి కుర్చీలో పెట్టి లేచింది. నేనూ లేచాను. ఇద్దరం బస్సెక్కాము. హుజూరాబాద్‌లో దిగేముందు, "పానం మీదికొచ్చిన ఆడది గా పాట ఇంటే దమ్మాడక చస్తది సారూ. దానికి నా పేరు వెట్టిండు" అన్నది. అది కోపమే, కానీ కింద భయం కూడా ఉంది. జీవితమంతా ఒక్క పనే చేసిన మనిషి, ఆ పనికి అడ్డం తిరిగే వస్తువు మీద తన పేరు చూసుకున్నది.

ఆ పాటను సంఘం తన చానల్‌లో కూడా పెట్టుకుంది. తీసేయమని నేను అధ్యక్షుణ్ణి అడిగాను. "సార్, మీరు లెక్చరర్లు, మీకు టెక్నాలజీ తెల్వదు. జనానికి నచ్చుతున్నది" అన్నాడు.

ఆమె మాత్రం పట్టు పట్టింది. ఇచ్చోడకు పంపవలసిన పాటలన్నీ పూర్తి చేయాలన్నది. అప్పటికే గుండె బలహీనపడి ఆయాసం మొదలైంది. వారానికొకటి, ఒక్కోసారి అదీ కాదు. తెలుగు రాని మరాఠీ ఆడవాళ్ల కోసం 'బాళా, బాళా' అని, అంటే బిడ్డా బిడ్డా అని, ఊరికే ఊగుతూ పాడే పాట ఒకటి. తొలిచూలు పిల్లల కోసం ఒకటి. బిడ్డ దక్కని తల్లి కోసం కూడా ఒకటుంది, మాటలేమీ లేనిది. చివరి పాటల్లో వరుస మధ్యలోనే ఊపిరి అందేది కాదు. ఆపి మళ్లీ పాడదామా అన్నాను.

"ఉండనియ్యి. దమ్ము అందకుంటే ఎట్ల ఆగాల్నో గది సుత తెల్వాలె ఆళ్లకు. నువ్వు ఆ మీట జోలికి పోకు."

పోలేదు. ఒక్క మీటా నొక్కలేదు. పాలవాడి హారన్ కూడా అట్లాగే ఉంది.

సంఘం సంతాప సభ పెట్టింది. 'తీరని లోటు' అన్న మాట ఎంతమంది అన్నారో చెప్పలేను. లోటు ఎవరికీ ఉన్నట్టు కనబడలేదు, అందరి చూపూ టిఫిన్ ప్లేట్ల మీదే ఉంది. అధ్యక్షుడు ఆమెను తానే వెలుగులోకి తెచ్చానని చెప్పుకున్నాడు. తర్వాత ఆ నున్నటి పాట పెట్టాడు. రెండో వరుస రాకముందే నర్సమ్మ బిడ్డ లేచింది. నెమ్మదిగా వేదిక ఎక్కి లాప్‌టాప్ మూత వేసింది.

"అమ్మా, మీ అవ్వ పాటనే గదా" అన్నాడు ఆయన.

"మా అవ్వ ఊపిరి ఇడువకుంట పాడదు సార్. గిది ఆమె కాదు" అన్నది. అరవలేదు. ఆయనకు ఏమీ తోచక, "అందరు లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలె" అన్నాడు. ఆ సభలో బాగున్నది ఆ కాసేపే.

ఆ పాట ఇప్పటికీ వాళ్ల చానల్‌లో ఉంది. సంఘం పేరు పెద్దగా, ఆమె పేరు చిన్నగా. బిడ్డ కూడా అడిగింది, తీయలేదు. కింద రోజూ ఎవరో ఒకరు 'అద్భుతం' అని రాస్తూనే ఉన్నారు. రాసుకోనీ.

మొన్న నేనూ ఆమె బిడ్డా ఇచ్చోడ వైపు వెళ్లాము. నర్సమ్మ పాటలు చేరిన ఆసుపత్రి చూడడానికి. మేము వెళ్లేసరికి లోపల కాన్పు జరుగుతోంది. మూసిన తలుపు వెనకాల నుంచి ఆ బొంగురు గొంతు వినిపించింది. ఒక వరుస, ఆగడం, ఊపిరి, మళ్లీ వరుస. వరండాలో బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. లోపలున్నది ఆమె కోడలు. మమ్మల్ని ఆసుపత్రి వాళ్లనుకున్నది.

"లోపట పాడేదెవలు బిడ్డా?" అని అడిగింది.

నర్సమ్మ బిడ్డ నా వైపు చూసి, "నర్సమ్మ" అన్నది.

"జర గట్టిగ పాడుమనుండ్రి. మా కోడలికి భయమైతున్నది."

బిడ్డ వెళ్లి తలుపు మెల్లగా తట్టి, ఆ మాట చెప్పింది. లోపలి నర్సు వెళ్లి స్పీకర్ శబ్దం పెంచింది. తలుపు జానెడు తెరిచే ఉండిపోయింది. ఆ సందులోంచి నాకు ఇనుప మంచం కమ్మీ ఒకటి, దాన్ని బిగించి పట్టిన చెయ్యి ఒకటి కనబడ్డాయి. మట్టి గాజులు, తెల్లబడిన వేళ్ల కణుపులు. లోపల వరుస ఆగింది. ఊపిరి మొదలైంది. ఆ వేళ్లు ఒక్కొక్కటే కమ్మీని వదిలాయి.