ఆకుకు చల్లిన నీళ్లు

మా మహిళా సంఘం వాళ్లు ఈ ఏడు ఒక చిన్న పుస్తకం వేస్తారట. ఒంటి సంగతి, ప్రయాణాల సంగతి, పని సంగతి, చేతిలో ఏదైనా కళ ఉంటే దాన్ని ఎలా కాపాడుకోవాలన్న సంగతి, పెద్దవాళ్లు తలా నాలుగు మంచి మాటలు రాసివ్వాలట. నన్నూ అడిగారు. యాభై దాటాక బడి వరండాలో పలక పట్టుకుని కూర్చున్నదాన్ని కదా, నేను రాస్తే మిగతా ఆడవాళ్లకు ధైర్యం వస్తుందన్నారు. సరే అన్నాను. కాగితం ముందు కూర్చున్నాక చెయ్యి ఆడలేదు. నేను ఎప్పుడో ఇచ్చిన సలహా ఒకటి మా ఎదురింట్లోనే ఉంది. వారానికి రెండుసార్లు దాన్ని వెంటబెట్టుకుని బోధన్ నుంచి నిజామాబాద్ దవాఖానకు బస్సులో పోతున్నాను.

ఎదురింటి ఆమె రుద్రూర్ వైపు నుంచి మా వాడకు కోడలిగా వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. పుట్టింట్లో చెరుకు కొట్టిన చెయ్యి, బీడీలు చుట్టడం రాదు. నేనే నేర్పాను. ఆకు ఎలా కత్తిరించాలో, తంబాకు ఎంత పోయాలో, దారం ఎన్ని చుట్లు తిప్పాలో నా చాట పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. నెల తిరగకముందే చెయ్యి ఆడింది. కానీ వెయ్యి బీడీలు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. నాకేమో మూడు గంటలకే అయిపోయేవి.

"నీకెట్లయితయి అక్కా గంత జల్ది?" అని అడిగింది ఒకరోజు.

"నేను లేవను," అన్నాను. "నువ్వు చెంబెడు నీళ్లు తాగుతవు, గంటకోపారి లేస్తవు. లేస్తె చెయ్యి సల్లబడ్తది. పొద్దుగాల ఒక చాయ తాగు, చాలు. మల్ల పని అయినంకనే నీళ్లు. నడుము గుంజితె కిరాణం దుకాన్ల నొప్పి గోలి ఉంటది, ఒకటి ఏస్కో."

నేను కల్పించి చెప్పిన మాట కాదది. మా అత్త నాకు చెప్పింది. ఆ రోజుల్లో మా ఇళ్లలో మరుగుదొడ్డి లేదు. వాడ వెనక చెరుకు తోటలే మాకు గోడలు. చలికాలంలో చెరుకు కొట్టి బండ్లకెత్తారంటే నేల బోడిగా మిగిలేది. అప్పటినుంచి కొత్త పైరు నడుమెత్తు లేచేదాకా ఆడవాళ్లం తెల్లవారకముందు ఒకసారి, మళ్లీ పొద్దుగూకాక ఒకసారి. మధ్యలో నీళ్లు తాగితే మన పాపానికి మనమే. తర్వాత చాలామంది చెరుకు మానేసి వరి వేశారు. వరిలో మనిషి దాగదు. అందుకే తాగొద్దనడం అప్పుడు తప్పుగా తోచలేదు. ఇప్పుడు కూడా ఆ ఒక్క ముక్క నేను దాచుకోను.

తప్పు తర్వాత జరిగింది. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకున్నాం. నాకూ కట్టారు, ఆమెకూ కట్టారు. కొత్త సిమెంటు గది, చల్లగా ఉంది. బీడీల ఆకుకు ఎండ తగలకూడదు, ఎండితే చుట్టేటప్పుడు చిట్లిపోతుంది. నీళ్లు చల్లి తడి గోనెలో చుట్టి చల్లటి చోట పెట్టాలి. నేను ఆ గదిలో ఆకు కట్టలు పెట్టాను. నన్ను చూసి ఆమె కూడా పెట్టింది. వాడలో సగం ఇళ్లలో అదే పని. పూటకోసారి పోయి గోనె తడిసి ఉందో లేదో చూసుకుని, మళ్లీ నీళ్లు చల్లి వచ్చేవాళ్లం. గడపలోనే గది ఉన్నా మా ఒళ్లు మాత్రం పాత లెక్కలోనే నడిచింది. నోరు పిడచగట్టుకుపోతే ఓర్చుకున్నాం. మూత్రంలో మంట పుడితే వేడి చేసిందనుకున్నాం. నడుం నొప్పికి గోలీ.

ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. చుట్టుతూ పాటలు కట్టేది. వాడలో ఎవరి మీదనైనా అప్పటికప్పుడు రెండు చరణాలు అల్లి అందరినీ నవ్వించేది. నా మీదా కట్టింది.

"లేవదు లేవదు మా అక్క, పొద్దు వాలినా లేవదు,
ఆకుకు దూపైతె లేస్తది గాని, తనకు దూపైతె లేవదు."

ఆకు దాహానికి లేస్తాను గాని నా దాహానికి లేవనని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పనితనాన్ని పొగిడిందనుకున్నాను. చదువు వచ్చాక నోటుబుక్కు కొనుక్కుని దుకాణాల బోర్డులు, బస్సు పేర్లు, మందుల పేర్లు అన్నీ రాసుకున్నాను. ఆమె పాట ఒక్కటి రాసుకోలేదు. ఎదురుగానే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

రెండేళ్ల కింద ఆమె కాళ్లు ఉబ్బాయి. మొహం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి. నిజామాబాద్ తీసుకుపోతే పరీక్షలన్నీ చేసి, ఒక కుర్ర డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"నొప్పి గోలీలు ఎన్నేండ్ల నుంచి వేసుకుంటున్నవమ్మా? నీళ్లు మంచిగ తాగుతవా?"

ఆమె నా వైపు చూడలేదు. "యాదికి లేదు సార్" అంది.

డాక్టరు చెప్పింది నేను తలవంచుకుని విన్నాను. బీపీ కూడా ఉందట, ఇదొక్కటే కారణమని చెప్పలేనన్నాడు. కానీ ఏళ్ల తరబడి నీళ్లు లేకుండా ఆ గోలీలు మింగితే కిడ్నీలు ఎన్నాళ్లని ఓర్చుకుంటాయన్నాడు. ఇక మిషను మీద రక్తం కడిగించుకోవాల్సిందే.

బయటికి వచ్చాక అడిగాను. "నేనే చెప్పిన అని ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె పోయిన కిడ్నీలు మల్లొస్తయా?" అంది. "గా సారు నిన్ను జూసి ఏమనుకుంటడు? సదువుకున్న అక్కవు."

ఆ చివరి మాట ఎగతాళికి అందో, నిజంగా అందో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

ఇప్పుడు ఆమెకు రోజుకు రెండు గ్లాసుల నీళ్లే. చాయ, చారు, మజ్జిగ అన్నీ అందులోకే వస్తాయి. ఎక్కువ తాగితే నీరు ఒంట్లోనే నిలిచి ఊపిరాడదు. కొలిచే పని నాది. ఆమె కొడుకు పనికి పోతాడు, కోడలు బీడీల చాట ముందే ఉంటుంది, పొద్దంతా సీసా నా దగ్గరే ఉంటుంది. వెనక తాగొద్దని చెప్పిన నోటితోనే ఇప్పుడూ తాగొద్దని చెప్తున్నాను. అప్పుడు ఉత్తగా చెప్పాను. ఇప్పుడు చెప్పక తప్పక చెప్తున్నాను. ఆమె గొంతుకు మాత్రం రెండూ ఒకటే.

పోయిన వారం మిషను అయ్యాక తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ప్రయాణాల గురించి నాకు తెలిసిందొక్కటే, జబ్బు మనిషిని ఎండ పడని వైపు కూర్చోబెట్టాలి. సంచిలో నుంచి సంఘం వాళ్లిచ్చిన కాగితం తీశాను.

"ఏం రాస్తున్నవు?" అంది.

"ఆరోగ్యం గురించి రాయుమన్నరు."

ఆమె నవ్వింది. ఈ మధ్య నవ్వితే దగ్గొస్తుంది. దగ్గు ఆగేదాకా ఆగాను.

"నువ్వు రాస్తవా? ఆరోగ్యం గురించి?"

"వద్దంటె రాయను."

"రాయి. రాయకుంటె గీ పోరగాండ్లు గట్లనే జేస్తరు. నా కోడలు సుత మొన్న ఆకు కట్ట తీస్కపోయి గా రూముల్నే పెట్టింది."

అప్పుడు నాకు చెయ్యి ఆడింది. బస్సు ఊపుకు అక్షరాలు వంకరపోయాయి, అయినా రాశాను. నేను ఒకామెకు పని మధ్యలో నీళ్లు తాగొద్దని చెప్పాను, నా మాట విని ఆమె ఇట్లయింది. మీరు లేవండి. వంద బీడీలు తక్కువైనా లేవండి. మరుగుదొడ్లో ఆకు పెట్టకండి. నొప్పి గోలీ దుకాణంలో కొనకండి. పాటలు కట్టేవాళ్లు మీ పక్కన ఉంటే ఆ రోజే రాసి పెట్టుకోండి.

"నా మీద కట్టిన పాట చెప్పు, రాస్త," అన్నాను.

"లేవదు లేవదు మా అక్క," అని మొదలుపెట్టి ఆగింది. రెండో చరణం నేనే అందించాను. దాని తర్వాత ఇంకా ఉండేవి, నలుగురం గొంతు కలిపేవాళ్లం. ఆమెకు యాదికి రాలేదు. నాకూ రాలేదు.

జానకంపేట దాటాక నీళ్లడిగింది. ఆ రోజు కొలత దవాఖానలోనే అయిపోయింది. ఆ మాటే చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు. కిటికీలోంచి వరి మళ్లకు పారుతున్న కాలువ వైపు చూస్తూ కూర్చుంది. నేను నా నీళ్ల సీసా మూత తీసి, కొంగు కొస తడిపి ఆమె పెదాల మీద అద్దాను. ఎండిన ఆకును మెత్తబరచడానికి అట్లనే అద్దేవాళ్లం. ఎడపల్లి వచ్చేదాకా ఆమె నా కొంగు వదల్లేదు.