స్టాక్‌హోమ్ చూసిన ఎండాకాలం

మొన్న మా మనుమడు నా పాత ఫోటోలు టీవీ మీద పెట్టి ఇంటిల్లిపాదికీ చూపించాడు. స్టాక్‌హోమ్ రేవులో తెల్ల పడవ ముందు నేను నవ్వుతూ నిలబడ్డ ఫోటో రాగానే, తాత ఎంత మజా చేసిండో అని అందరూ ఒక్కటే నవ్వు. నేను లేచి బయటికి వచ్చి కూర్చున్నాను. మజా చేసిన మాట నిజమే. నాకు మండేదీ అందుకే.

సిరిసిల్ల మగ్గాల మధ్య పుట్టినవాణ్ణి. నలభై దాటినాక అక్షరాలు దిద్దుకున్నాను కనుక రాతలో వంకరలుంటే నా ఈడువాళ్ళు సర్దుకుంటారు. మగ్గం అన్నం పెట్టక దుబాయి పోయి వంటపని నేర్చుకుంటే, ఒక సేటు నన్ను అక్కడి నుంచి కొపెన్‌హాగన్‌లోని తన హోటల్‌కు తీసుకుపోయాడు. హోటల్‌కు సెలవున్న రోజుల్లో నేనూ, నాతో పనిచేసే బెంగాలీ పెద్దాయనా కాలువల వెంట ఊరికే నడిచేవాళ్ళం. మనం ఎండకు దాక్కుంటాం, వాళ్ళేమో ఎండ కనబడితే చాలు పిల్లాజెల్లాతో పచ్చిక మీద పడుకుంటారు. రాత్రి పదిదాకా పొద్దు గూకని ఆ ఊరి సంగతి ఫోన్లో చెబితే మా అక్క నమ్మలేదు. నమ్మినాక, "అయితే గాడ ఇంకో వెయ్యి బీడీలు జెయ్యచ్చు గద తమ్మీ" అంది.

అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను సాకింది ఈ అక్కే. కోరుట్లలో ఇచ్చారు. బీడీలు చుట్టి చుట్టి ఛాతీ పాడుచేసుకుంది. ఆమెకు చెప్పడానికే నేను ఊర్లు చూసేవాణ్ణంటే అబద్ధం కాదు.

ఒక ఎండాకాలం సేటు హోటల్‌కు మరమ్మతు పెట్టి, ఊరికి పోతానంటే టికెట్ ఇస్తానన్నాడు. కోరుట్లకు ఫోన్ చేసి బావకు ఆ మాట చెప్పి, అక్క ఎట్లుందని అడిగాను. అందరం మంచిగున్నం, వచ్చి ఏం చేస్తావు, నాలుగు ఊర్లు తిరుగు అన్నాడు. సరే అని బెంగాలీ ఆయనతో పక్క దేశానికి రైలెక్కాను. గోథెన్‌బర్గ్‌లో ట్రాములెక్కి దిగాం, స్టాక్‌హోమ్‌లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవల మీద తిరిగాం, మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీం తిన్నాం. అక్క కోసం ఊలు శాలువా కొన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా అక్క బీడీల ఆకు తేవడానికి పోయిందనో, గొంతు పట్టిందనో చెప్పేవాళ్ళు.

దసరాకు ఇంటికొచ్చాను. మా ఇంటామె అన్నం పెట్టి, నేను తిని చెయ్యి కడుక్కున్నాక అప్పుడు చెప్పింది. నేను స్టాక్‌హోమ్‌లో ఉన్న వారంలోనే అక్క పోయింది.

మా దిక్కు ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పి పంపాలి. ఆ పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే. మర్నాడు కోరుట్ల పోయి బావ ముందు కూర్చున్నాను.

"చెప్తే నువ్వు ఆగుతుంటివా? మా తమ్ముడు మస్కట్ నుంచి మా అమ్మ సావుకు ఉరికచ్చిండు. మళ్ళ పోనిచ్చిర్రా? నౌకరి పాయె. నీకు గట్ల కావద్దనే అందరం అనుకున్నం బామ్మర్ది."

"నేనున్నది గల్ఫ్‌ల కాదు బావా. నా పాస్‌పోర్ట్ అక్కడి లెక్క సేటు దగ్గర గాదు, నా పెట్టెల్నే ఉండె. సేటు టికెట్ ఇస్తనన్నడని నీకు చెప్పిన గద."

"సేట్ల మాట ఎవడు నమ్ముతడు?"

చీర ఎవరు కప్పారని అడిగాను. నీ పేరు మీద మేమే దుకాణంలో కొన్నాం అన్నాడు. ఏ రంగుదంటే ఆయనకు యాదికి లేదు.

బావ చెడ్డవాడు కాదు. గల్ఫ్ మనుషులున్న ప్రతి ఇంట్లో చేసినట్టే చేశాడు. అయినా ఆయన పోయేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. శాలువా ఎవరికీ ఇవ్వబుద్ధి కాక పెట్టెలో పెడితే పురుగు కొట్టింది.

ఇప్పుడు దాచడాలు లేవు. పోయిన నెల గొల్లపల్లిలో మా వియ్యంకుడు పోతే, ఐర్లండ్‌లో ఉన్న ఆయన బిడ్డకు గంటలోనే తెలిసింది. శవాన్ని ఐసు పెట్టెలో పెట్టారు, రేపటిదాకా ఆగొచ్చు. అయినా సాయంత్రానికే లేపుతామన్నారు. ఆమెకు ఫోన్లో చూపిస్తుంటే, ముఖం మీది గుడ్డ జర తియ్యిండ్రి అని అటు నుంచి బతిమాలుతోంది. ఆ పిల్ల వచ్చేదాకా ఆపితే ఏమైతుందని అడిగాను. ఫోన్ పట్టుకున్నాయన నా దిక్కు వింతగా చూసి, "ఫోన్ల చూస్తున్నది గద పెద్దాయినా, ఇంకేం గావాలె" అన్నాడు.

మా కాలంలో దాస్తే దయ అనుకున్నారు, ఇప్పుడు చూపిస్తే దయ అనుకుంటున్నారు. వస్తావా అని ఒక్క మాట అడగడం మాత్రం ఏ కాలంలోనూ ఎవరికీ తోచలేదు.