లడ్డూ చెవుల్లో కొబ్బరినూనె

పెద్దింట్లమ్మ నీళ్ళు పోసిన పిల్లల్లో ఒకడికి తోక ఉందని బందరులో ఒక పుకారు. వాణ్ణి చూసినవాళ్ళు లేరు. గట్టిగా అడిగితే, చూసినవాళ్ళని చూశామంటారు.

గిలకలదిండి వైపు ఆవిడ తెలియని గడప లేదు. బాలింత ఉన్న ఇంటికి పొద్దున్నే వచ్చి, పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద పసిగుడ్డుని పడుకోబెట్టి నీళ్ళు పోయడం ఆవిడ పని. ఒంటికి నూనె రాసి, సున్నిపిండితో నలిచి, చెవుల్లో గోరువెచ్చని కొబ్బరినూనె చుక్కలేసి, సాంబ్రాణి పొగ పట్టిందంటే ఆ పిల్ల సాయంత్రం దాకా కన్ను తెరవదు. బందరు సగం ఆవిడ కాళ్ళ మీదే పెరిగింది. మిగతా సగం ఆవిడకి తీరిక లేక సరిగ్గా పెరగలేదు.

సుచిత్రకి కూతురు పుట్టినప్పుడూ ఆవిడే వెళ్ళింది. ఆ ఇంట్లో లడ్డూ అని ఒక కుక్క. దాని చెవులు ఎంత పొడుగంటే, నీళ్ళు తాగబోతే ముందు చెవులు తాగేవి. మెట్లు దిగుతూ తన చెవిని తనే తొక్కుకుని బోర్లా పడేది. సుచిత్ర భర్త హరిబాబుకి అదంటే ప్రాణం. కానీ పాప వచ్చాక దాని మొహం చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు తల్లీ బిడ్డా లోపలికి వెళ్ళాక, లడ్డూ వచ్చి పెద్దింట్లమ్మ కాళ్ళ మీద తనంతట తనే వెల్లకిలా పడుకుంది. కాగులో వేడినీళ్ళున్నాయి, గిన్నెలో నూనె ఉంది. ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. పాపకి చేసినవన్నీ దానికీ చేసింది. అంత చెవికి చుక్కలేం ఆనతాయని గిన్నె వంచేసింది. ఇక రోజూ అదే వరస. పాప స్నానం అవగానే లడ్డూ తన వంతుకి వచ్చి నిలబడేది.

కొన్నాళ్ళకి అది తల విదిలించడం మొదలుపెట్టింది. చెవి ముట్టుకుంటే మూలిగేది. ఎండుచేపల సంత కూడా ముక్కు మూసుకునేంత వాసన. పిలిస్తే తిరిగి చూడటం మానేసింది. హరిబాబు గుడివాడలో పశువుల డాక్టరుకి చూపిద్దామని కారు మాట్లాడాడు. ఒళ్ళో పట్టుకోడానికి పెద్దింట్లమ్మ కూడా ఎక్కింది.

డాక్టరు చెవి ఎత్తి చూశాడు. ఇలాంటి చెవి మూతలా కప్పేస్తుందనీ, లోపలికి గాలి ఆడదనీ, ఏం చేరినా అక్కడే మగ్గిపోతుందనీ చెప్పాడు. తను ఇచ్చిన మందు తప్ప ఇంకేదీ పోయకూడదట. దూదితో పైపైన తుడవాలి గానీ లోపల కెలకకూడదట.

"నీళ్ళల్లో గానీ దింపారా?" అని అడిగాడు.

హరిబాబు మొహం పాలిపోయింది. ముందు వారమే పాలకాయతిప్ప తీసుకెళ్ళి, లడ్డూని సముద్రంలో ఆడించాడు. ఆ సంగతి తలదించుకుని చెప్పాడు. పక్కనే ఉన్న పెద్దింట్లమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసి లడ్డూని ఒళ్ళోకి లాక్కుంది. చెవి దక్కుతుంది గానీ వినికిడి సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి సుచిత్ర మొగుణ్ణి దులపని పూట లేదు. కుక్కని చూసుకోలేనివాడు కూతుర్ని ఏం చూసుకుంటాడంది. పాపని ఎత్తుకోబోతే చేతులు కడుక్కు రమ్మంది. ఈ మాటలన్నీ పెద్దింట్లమ్మ పీట మీద కూర్చుని వింది. లడ్డూ చెవులకి గాలి తగలాలని పాత చీర పీలికతో రెండూ నెత్తిమీద ముడేసి, మందు వేసి, దూదితో తుడిచేది. మిగతా ఇళ్ళలో నూనె గిన్నె చెవి దాకా తీసుకెళ్ళి, వెనక్కి పెట్టేసేది. అన్నం సయించక సగానికి సగం తగ్గింది. గాలికి ఎగిరిపోతుందేమోనని కోడలు ఆవిడ కొంగు పట్టుకుని నడిచేదట.

ఒక సాయంత్రం హరిబాబు అరుగు మీద కూర్చుని, లడ్డూ వెనక చప్పట్లు కొడుతున్నాడు. అది తిరగలేదు.

"నా చేతులారా చెడగొట్టాను పిన్నీ," అన్నాడు.

"నువ్వు కాదు నాయనా. నేను. రోజూ నూనె పోశాను."

అతను లడ్డూ నెత్తిమీద ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

"సుచిత్రకి చెప్పకు."

"నిన్ను తిడుతోంది కదయ్యా."

"నన్ను తిట్టినా అన్నం పెడుతుంది. నువ్వని తెలిస్తే ఈ ఊళ్ళో ఏ బాలింతా నీ కాళ్ళ మీద బిడ్డని పెట్టదు."

ఆ మాటతో పెద్దింట్లమ్మ మనసులో బరువు దిగాల్సింది పోయి రెండింతలయింది. వర్షాకాలం వచ్చేసరికి లడ్డూకి ఒక చెవి వినిపించింది. రెండోది పూర్తిగా పోయింది. పాపకి నీళ్ళు పోసే అవసరం ఎప్పుడో తీరిపోయినా, ఆవిడ దూది పట్టుకుని ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తుంది.

మొన్న కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఇదంతా నిజమేనా అని అడిగితే, బిందె మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఎవరు పుట్టించారమ్మా ఈ కథ? నేను మనుషుల పిల్లలకి తప్ప ఎవరికీ నీళ్ళు పోయలేదు. ఆ హరిబాబే సముద్రంలో దింపి పాడుచేసుకున్నాడు. నేనసలు కుక్కల్ని ముట్టుకోను."